మీ స్క్రిప్ట్‌కి తన ఊరేదో తెలుసా?

పోయిన ఏడాది వర్షాకాలంలో నా ఫోన్ నీళ్ళ బకెట్‌లో పడింది. ఐపీ రేటింగ్ లేని పాత ఫోన్. బియ్యం డబ్బాలో పెట్టొద్దని నేనే పది మందికి చెప్పినవాణ్ణి, ఆ రోజు మాత్రం సిగ్గు వదిలేసి పెట్టాను. లేవలేదు.

అయినా పెద్దగా కంగారు పడలేదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై ఉంది, దానికి హార్డ్ డిస్క్ తగిలించి ఉంది, రోజూ రాత్రి 2 గంటలకి వైఫైలో ఫోన్ నుంచి ఫొటోలు లాగి ఆ డిస్క్‌లో పెట్టే స్క్రిప్ట్ ఉంది. నేనే రాసుకున్నది, గట్టిగా పన్నెండు లైన్లు. ఉగాది రోజుల్లో పెట్టాను, చేత్తో రెండుసార్లు నడిపి చూశాను, బ్రహ్మాండంగా పనిచేసింది. ఇక దాన్ని మర్చిపోయాను. బ్యాకప్ అంటే అంతే కదా, పెట్టి మర్చిపోవడానికే.

కొత్త ఫోన్ కొన్నాక డిస్క్ తెరిచి చూస్తే, నేను చేత్తో నడిపిన ఆ రోజు వరకే ఫొటోలున్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

మిగతావి ఎక్కడున్నాయో కనిపెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. నా స్క్రిప్ట్‌లో ఫొటోలు పెట్టాల్సిన చోటు దగ్గర ‘బ్యాకప్’ అని ఫోల్డర్ పేరు మాత్రమే రాశాను, ముందు ఏ దారీ లేదు. స్క్రిప్ట్ కూడా అదే డిస్క్‌లో, ఆ ఫోల్డర్ పక్కనే ఉంటుంది కాబట్టి అది చాలనుకున్నాను. చేత్తో నడిపినప్పుడు నేను ఆ డిస్క్‌లోనే నిలబడి నడిపాను, కుదిరింది. రాత్రి పూట నడిపేది నేను కాదు, క్రాన్. క్రాన్ ఏ పనినైనా యూజర్ హోమ్ ఫోల్డర్‌లో నిలబడి మొదలుపెడుతుంది. అక్కడ ‘బ్యాకప్’ అనే ఫోల్డర్ లేదు కాబట్టి కొత్తది తయారైంది. ఫొటోలన్నీ డిస్క్‌లోకి కాకుండా పై బోర్డులోని 16 జీబీ మెమరీ కార్డులోకి వెళ్ళాయి. జూన్‌కి కార్డు నిండిపోయింది. అక్కడి నుంచి రోజూ రాత్రి 2 గంటలకి నా స్క్రిప్ట్ లేచి, చోటు లేదని ఎర్రర్ చెప్పి, పడుకునేది. ఆ ఎర్రర్ చదివే నాథుడు లేడు.

పోయిన రెండు నెలల ఫొటోల్లో మా చెల్లెలి కొడుకు అన్నప్రాసన ఉంది. బంధువుల ఫోన్లలోంచి కొన్ని దొరికాయి. నేను తీసినవి మాత్రం రాలేదు.

ఫోన్ నీళ్ళలో పడటం ప్రమాదమే. ఫొటోలు పోవడం మాత్రం నా తప్పే. ఆ తప్పు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: నా స్క్రిప్ట్‌కి తానెక్కడ ఉంటుందో తెలియదు, నేను చెప్పనూ లేదు. ఇది ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఇవాళ ఫోన్లో టెర్మక్స్ వేసుకున్నవాళ్ళు, ఇంట్లో మినీ సర్వర్ పెట్టుకున్నవాళ్ళు, వీడియో చూసి స్క్రిప్ట్ కాపీ చేసుకున్నవాళ్ళు మన పాఠకుల్లోనే బోలెడుమంది. ఇది వాళ్ళ కోసం.

నిలబడ్డ చోటు వేరు, సొంతూరు వేరు

మనవాళ్ళు కొత్త మనిషి కనబడగానే అడిగే మొదటి ప్రశ్న “మీదే ఊరండీ?” అని. దానికి అతను “అమీర్‌పేట మెట్రో మెట్ల కింద” అన్నాడనుకోండి, నవ్వొస్తుంది. అతను నిలబడ్డ చోటు అది, అతని ఊరు కాదు.

కంప్యూటర్‌లో కూడా ఈ రెండూ వేర్వేరు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ ‘ప్రస్తుత ఫోల్డర్’ అని ఒకటి ఉంటుంది. పీడబ్ల్యూడీ అని కొడితే కనిపించేది అదే. దాన్ని ఎంచుకునేది స్క్రిప్ట్ కాదు, స్క్రిప్ట్‌ని నడిపినవాళ్ళు. మీరు టెర్మినల్‌లో ఏ ఫోల్డర్‌లో ఉండి నడిపితే అది. క్రాన్ నడిపితే హోమ్ ఫోల్డర్. వేరే ప్రోగ్రామ్ నడిపితే ఆ ప్రోగ్రామ్ నిలబడ్డ చోటు.

స్క్రిప్ట్ ఫైల్ డిస్క్ మీద ఎక్కడుందన్నది దీనితో సంబంధం లేని రెండో సంగతి. రెండూ ఒకటే అని నమ్మి రాసిన స్క్రిప్ట్ రాసినవాడి చేతిలో ఎప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే రాసినవాడు ఎప్పుడూ అదే ఫోల్డర్‌లో కూర్చుని నడుపుతాడు. ఇంకొకరి చేతిలోకి వెళ్ళినప్పుడే బయటపడుతుంది. నా విషయంలో ఆ ఇంకొకరు క్రాన్.

$0 అంటే చిరునామా కాదు, పిలుపు

సరే, స్క్రిప్ట్ తన ఊరు తానే కనుక్కోలేదా? కనుక్కోవచ్చు. కానీ అనుకున్నంత సులువు కాదు.

లైనక్స్‌లో మీరు స్క్రిప్ట్‌ని నడిపినప్పుడు జరిగేది ఇది. కెర్నల్ ఆ ఫైల్ మొదటి లైన్ చూస్తుంది. ‘#!’ గుర్తు తర్వాత బాష్ అనో పైథాన్ అనో ఉంటుంది. కెర్నల్ ఆ బాష్‌ని లేపి, “ఇదిగో, ఈ ఫైల్ చదువుకో” అని స్క్రిప్ట్ పేరు చేతిలో పెడుతుంది. అంటే నిజానికి నడుస్తున్న ప్రోగ్రామ్ బాష్. మీ స్క్రిప్ట్ అది చదువుతున్న కాగితం మాత్రమే. “ఇప్పుడు నడుస్తున్నది ఎవరు?” అని కెర్నల్‌నే అడిగితే బాష్ ఉన్న చోటు చెబుతుంది, మీ స్క్రిప్ట్ ఉన్న చోటు కాదు.

కాబట్టి అందరూ పట్టుకునేది $0 ని. డాలర్ గుర్తు పక్కన సున్నా. స్క్రిప్ట్‌ని ఏ పేరుతో పిలిచారో అది ఇందులో ఉంటుంది. పిలిచిన పేరు అన్న మాట గుర్తుపెట్టుకోండి. పూర్తి దారితో పిలిస్తే పూర్తి దారి ఉంటుంది. సగం దారితో పిలిస్తే సగం దారే. బాష్ అని కొట్టి పక్కన ఉత్త ఫైల్ పేరు ఇస్తే, ఆ ఉత్త పేరే. ఊళ్ళో ఒకే మనిషిని బడిలో ఒక పేరుతో, ఇంట్లో ఇంకో పేరుతో పిలుస్తారు. ఇంట్లో పిలిచే పేరు ఉత్తరం మీద రాస్తే పోస్ట్‌మ్యాన్ ఎక్కడికని తెస్తాడు?

ఇంకా చిక్కులున్నాయి. ఒక స్క్రిప్ట్‌ని ఇంకో షెల్‌లోకి సోర్స్ చేస్తే $0 లో ఆ స్క్రిప్ట్ పేరు ఉండదు, పిలిచిన షెల్ పేరో, పిలిచిన స్క్రిప్ట్ పేరో ఉంటుంది. షార్ట్‌కట్ లాంటి సిమ్‌లింక్ ద్వారా పిలిస్తే లింక్ ఉన్న చోటు వస్తుంది, అసలు ఫైల్ ఉన్న చోటు కాదు. $0 లో సగం దారి ఉండి, దాన్ని చూడకముందే స్క్రిప్ట్ వేరే ఫోల్డర్‌లోకి మారిపోతే, ఆ సగం దారికి అర్థమే మారిపోతుంది.

అన్నిటికన్నా గమ్మత్తైనది, వెబ్‌సైట్లలో కనిపించే ‘ఈ ఒక్క లైన్ పేస్ట్ చేయండి’ పద్ధతి. కర్ల్‌తో స్క్రిప్ట్‌ని దించి నేరుగా బాష్ నోట్లోకి పోసేస్తారు. అప్పుడు డిస్క్ మీద ఫైలే లేదు. ఊరే లేని మనిషి. అప్పుడు $0 లో ‘బాష్’ అని మాత్రమే ఉంటుంది. ఆ పేరులోంచి ఫోల్డర్‌ని వేరు చేయమని డిర్‌నేమ్‌ని అడిగితే అది ఒక చుక్క ఇస్తుంది. చుక్క అంటే ‘ప్రస్తుత ఫోల్డర్’. చూశారా, తెలియదు అని చెప్పాల్సింది పోయి, మీరు నిలబడ్డ చోటే నా ఊరు అని చెప్పేసింది. ఎర్రర్ వస్తే మేలు. తప్పు జవాబు నిబ్బరంగా వస్తేనే ప్రమాదం.

2015 జనవరిలో స్టీమ్ చేసిన పని

నాది ఫొటోల నష్టం. ఇదే తప్పు ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గేమ్స్ ఆడేవాళ్ళకి స్టీమ్ తెలియకుండా ఉండదు. వాల్వ్ కంపెనీది. దాని లైనక్స్ వెర్షన్ మొదలయ్యేది ఒక షెల్ స్క్రిప్ట్‌తో. ఆ స్క్రిప్ట్ మొదట్లోనే తానెక్కడుందో కనుక్కునే లైన్ ఉంది. $0 లోంచి చివరి స్లాష్ తర్వాతది కత్తిరించి, మిగిలిన ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్ళి, అది కుదిరితే అక్కడి పూర్తి దారిని ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. స్టీమ్ ఇల్లు అదే అని దాని లెక్క.

కింద ఇంకో చోట, ఇన్‌స్టలేషన్‌ని కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే, ఆ వేరియబుల్, దాని పక్కన ఒక స్లాష్, దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి, అడక్కుండా అన్నీ తుడిచేసే ఆర్ఎం కమాండ్ ఉంది. అంటే ‘నా ఇంట్లో ఉన్నవన్నీ తీసెయ్’ అని.

ఇప్పుడు సీడీ కుదరలేదనుకోండి. ఉదాహరణకి $0 లో స్లాషే లేదు. కత్తిరించడానికి ఏమీ లేక ఫైల్ పేరే మిగులుతుంది. ఫైల్‌లోకి సీడీ చేయలేం కదా, విఫలమవుతుంది. వేరియబుల్ ఖాళీ. ఖాళీ పక్కన స్లాష్, స్లాష్ పక్కన నక్షత్రం. ‘నా ఇంట్లో ఉన్నవన్నీ’ అన్నది ‘ఈ కంప్యూటర్‌లో ఉన్నవన్నీ’ అయిపోయింది.

2015 జనవరిలో ఒక యూజర్‌కి సరిగ్గా ఇదే జరిగింది. స్టీమ్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి మార్చి, పాత చోట సిమ్‌లింక్ పెట్టుకున్నాడు. చోటు చాలక మనమందరం చేసే పనే. స్టీమ్ మొదలుపెట్టాక అతని పేరు మీద ఉన్న ఫైళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ కోసం తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌తో సహా. ఆ తర్వాత వాల్వ్ ఆ స్క్రిప్ట్‌ని సరిచేసింది.

ఇందులో నన్ను ఇప్పటికీ వెంటాడేది ఒకటుంది. ఆ తుడిచే లైన్ పైన, అది రాసిన డెవలపరే ‘భయంగా ఉంది’ అనే అర్థంలో ఇంగ్లీష్‌లో ఒకే ఒక్క మాట కామెంట్‌గా రాసుకున్నాడు. ప్రమాదం కనిపించింది. కామెంట్ రాశాడు. వేరియబుల్ ఖాళీగా ఉందేమో చూసే ఒక్క లైన్ మాత్రం రాయలేదు.

ఇంకో సంగతి. స్క్రిప్ట్ మామూలు యూజర్‌గా నడిచింది కాబట్టి సిస్టమ్ ఫైళ్ళు బతికిపోయాయి. కానీ సిస్టమ్ ఫైళ్ళు పోతే ఏమవుతుంది? గంటలో మళ్ళీ వేసుకుంటాం. మళ్ళీ దొరకనివి ఆ యూజర్ సొంత ఫైళ్ళే, పోయినవీ అవే. రూట్‌గా నడపలేదు కదా, పర్వాలేదు అనే ధైర్యం ఎంత ఉత్తదో ఇక్కడ తెలుస్తుంది.

టెర్మక్స్‌లో ఈ గొయ్యి మన కాళ్ళ కిందే ఉంది

ఇది లైనక్స్ కంప్యూటర్ల కథ, నాది ఆండ్రాయిడ్ ఫోన్ అంటారా? ఫోన్లోనే పరిస్థితి ఇంకాస్త ఇబ్బంది.

మామూలు ఆండ్రాయిడ్ యాప్‌కి ఈ తలనొప్పి లేదు. ప్రతి యాప్‌కీ సిస్టమే ఒక సొంత ఫోల్డర్ ఇస్తుంది, “నా ఫోల్డర్ ఏది?” అని యాప్ అడిగితే సరైన జవాబు చెబుతుంది. టెర్మక్స్‌లో మీరు నడిపే స్క్రిప్ట్‌కి ఆ సౌకర్యం లేదు. అది యాప్ కాదు, టెర్మక్స్ అనే యాప్ లోపల ఉన్న ఒక ఫైల్ మాత్రమే.

ఇందులో మూడు చిక్కులు చూడండి.

మొదటిది. మీరు స్క్రిప్ట్‌ని ఫోన్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి దించుకున్నారు. ఆ షేర్డ్ స్టోరేజ్‌లో ఉన్న ఫైళ్ళని నేరుగా నడపడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. కాబట్టి అందరూ ఏం చేస్తారు? ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, బాష్ అని కొట్టి, పక్కన ఫైల్ పేరు ఇస్తారు. అంటే $0 లో స్లాష్ లేని ఉత్త పేరు. స్టీమ్ స్క్రిప్ట్‌ని బోల్తా కొట్టించే పిలుపు ఇదే. కంప్యూటర్‌లో అరుదుగా జరిగేది ఇక్కడ రోజువారీ అలవాటు.

రెండోది. టెర్మక్స్‌కి స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చాక హోమ్‌లో ‘స్టోరేజ్’ అని ఒక ఫోల్డర్ వస్తుంది. అందులో కెమెరా ఫొటోల ఫోల్డర్, డౌన్‌లోడ్స్ అన్నీ కనిపిస్తాయి. అవి అసలు ఫోల్డర్లు కావు, సిమ్‌లింకులు. మీరు కెమెరా ఫొటోల లింక్ లోపలికి వెళ్ళి, ఒక మెట్టు పైకి అని సీడీకి రెండు చుక్కలు ఇస్తే, టెర్మక్స్ హోమ్‌లోని ఆ ‘స్టోరేజ్’ ఫోల్డర్‌కే తిరిగొస్తారు. అదే చోట నిలబడి, అదే రెండు చుక్కలు ఎల్ఎస్‌కో ఆర్ఎంకో ఇస్తే అవి వెళ్ళేది ఫోన్ షేర్డ్ స్టోరేజ్ మొత్తం ఉన్న చోటికి. ఒకే రెండు చుక్కలు, రెండు వేర్వేరు ఊళ్ళు. ‘పైన ఫోల్డర్‌లో ఉన్న టెంప్ తీసెయ్’ అని రాసిన స్క్రిప్ట్ ఎవరి టెంప్ తీసేస్తుందో మీరే ఊహించుకోండి.

మూడోది. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు. వాట్సాప్ ఫొటోలుండే ఫోల్డర్ పేరులోనే రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. దారి చుట్టూ కోట్స్ పెట్టకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలు చేసి రెండు వేర్వేరు పేర్లుగా చూస్తుంది. తన ఊరు సరిగ్గానే కనుక్కున్న స్క్రిప్ట్ కూడా ఇక్కడ దారి తప్పుతుంది.

మిగతా భాషలు కాస్త నయం

పైథాన్‌లో ఫైల్ అనే మాటకి ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు పెడితే స్క్రిప్ట్ ఫైల్ దారి వస్తుంది. 2020లో వచ్చిన 3.9 వెర్షన్ నుంచి ప్రధాన స్క్రిప్ట్‌కి ఇది పూర్తి దారిగానే వస్తోంది. దాన్ని పాత్‌లిబ్‌కి ఇచ్చి రిజాల్వ్ చేస్తే సిమ్‌లింకులు కూడా విడిపోతాయి. అయితే జూపిటర్ నోట్‌బుక్‌లో ఆ పేరు ఉండదు, వాడితే ఎర్రర్ వస్తుంది. నేనైతే దాన్ని మెచ్చుకుంటాను. ఊరు తెలియనప్పుడు తెలియదని చెప్పడమే మర్యాద.

పీహెచ్‌పీలో 5.3 నుంచి డిర్ అనే స్థిరాంకం ఉంది. విండోస్ పవర్‌షెల్‌లో పీఎస్ స్క్రిప్ట్ రూట్ అనే వేరియబుల్ ఉంది. ఇవన్నీ భాషే స్వయంగా చెప్పే జవాబులు, పిలిచిన పేరు మీద ఆధారపడవు.

బాష్‌లో దీనికి దగ్గరగా ఉన్నది బాష్ సోర్స్ అనే వేరియబుల్. సోర్స్ చేసినా అది ఫైల్ పేరే చెబుతుంది, కాబట్టి $0 కన్నా మేలు. కానీ అందులోనూ సగం దారే ఉండొచ్చు, లింకూ ఉండొచ్చు. కాబట్టి స్క్రిప్ట్ మొదట్లోనే, ఏ ఫోల్డర్‌లోకీ మారకముందే, దాన్ని రీడ్‌లింక్‌కి ఎఫ్ ఆప్షన్‌తో ఇచ్చి లింకులు విప్పి, ఆ తర్వాత డిర్‌నేమ్‌తో ఫోల్డర్‌ని వేరు చేయాలి. చుట్టూ కోట్స్ తప్పనిసరి. టెర్మక్స్‌లోనూ పై బోర్డులోనూ ఇది పనిచేస్తుంది.

“అసలు అడగాల్సిన అవసరమే లేదు” అనేవాళ్ళకి

యూనిక్స్ పెద్దల్లో ఒక వాదన ఉంది. స్క్రిప్ట్ తన చోటు తాను వెతుక్కుంటోందంటే డిజైనే తప్పు. ప్రోగ్రామ్ ఒక చోట, సెట్టింగ్స్ ఇంకో చోట, డేటా వేరే చోట, అన్నిటికీ పూర్తి దారులు ముందే రాసి ఉండాలి అని. పెద్ద సిస్టమ్‌లకి, ప్యాకేజీలుగా వచ్చే సాఫ్ట్‌వేర్‌కి ఇది సరైన మాటే.

మన ఇళ్ళలో అలా కుదరదు. మనం ఒక ఫోల్డర్ తయారుచేసి, స్క్రిప్ట్, దాని లిస్టు ఫైల్, లాగ్ ఫైల్ అన్నీ అందులోనే పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బావగారింటికి తీసుకెళ్తాం. అక్కడ పూర్తి దారి వేరు. ఫోన్ మార్చినా, కార్డు మార్చినా దారి మారుతుంది. అలాంటి ఫోల్డర్‌కి స్క్రిప్ట్ తన పక్కనున్న ఫైళ్ళని తానే కనుక్కోవడమే సహజం. కాబట్టి చదవడానికి అయితే తన ఊరు తాను వెతుక్కోనివ్వండి. తప్పు వచ్చినా ‘ఫైల్ దొరకలేదు’ అని ఆగుతుంది.

రాయడానికి, తుడవడానికి మాత్రం నేను వాళ్ళ పక్షమే. ఊహించుకున్న చిరునామా మీద డిలీట్ నడపకూడదు. ఎక్కడ తుడవాలో పూర్తి దారి మీరు చేత్తో రాయండి, లేదా స్క్రిప్ట్ కనుక్కున్న జవాబుని రుజువు అడగండి.

రుజువు అంటే పెద్ద పనేం కాదు. మొదటిది, వేరియబుల్ ఖాళీగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. దీనికి చాలామంది స్క్రిప్ట్ పైన సెట్ కమాండ్‌కి యు ఆప్షన్ పెట్టేసి చాలనుకుంటారు. చాలదు. అది అసలు లేని వేరియబుల్‌ని పట్టుకుంటుంది, ఉండి ఖాళీగా ఉన్నదాన్ని పట్టుకోదు. స్టీమ్‌లో ఉన్నది ఉండి ఖాళీగా ఉన్నదే. వేరియబుల్ పేరు పక్కన, బ్రాకెట్ లోపలే, కోలన్, ప్రశ్న గుర్తు పెడితే రెండూ పట్టుబడతాయి, స్క్రిప్ట్ ఆగిపోతుంది. రెండే రెండు గుర్తులు.

రెండోది, ఇంటి గుర్తు. నా బ్యాకప్ డిస్క్‌లో ఇప్పుడు ‘ఇదే-డిస్క్’ అని ఒక ఖాళీ ఫైల్ ఉంది. స్క్రిప్ట్ లేవగానే ముందు ఆ ఫైల్ ఉందో లేదో చూస్తుంది. లేకపోతే ఒక్క ఫొటో కూడా కదపదు, నా ఫోన్‌కి మెసేజ్ పంపిస్తుంది. ఈ ఒక్క చెక్ ఉండుంటే ఉగాది మర్నాడే నాకు సంగతి తెలిసేది. డిస్క్ కేబుల్ ఊడిపోయినప్పుడు కూడా ఇదే కాపాడుతుంది. డిస్క్ లేకపోయినా దాన్ని తగిలించే ఖాళీ ఫోల్డర్ మెమరీ కార్డులో అలాగే ఉంటుంది కదా, పూర్తి దారి రాసినా ఫొటోలు అందులో పడే ప్రమాదముంది. దారి మాత్రమే చూస్తే దొరకని తప్పు ఇది.

కొత్త స్క్రిప్ట్‌కి ఐదు పరీక్షలు

కొత్త ఫోన్ వస్తే మనం బ్యాటరీ చూస్తాం, కెమెరా చూస్తాం, వేడెక్కుతుందేమో చూస్తాం. స్క్రిప్ట్‌ని మాత్రం ఒకసారి నడిపి, పనిచేసిందని వదిలేస్తాం. దానికీ ఒక రివ్యూ చేయండి. ముందు తుడిచే, రాసే లైన్లన్నిటినీ తాత్కాలికంగా ఆపేసి, తన ఊరేదో, ఏ ఫోల్డర్ మీద పనిచేయబోతోందో స్క్రీన్ మీద చూపించే లైన్ మాత్రం ఉంచండి. ఆ తర్వాత:

1. దాని ఫోల్డర్‌లోనే ఉండి నడపండి. ఇది అందరూ చేసేదే.

2. రూట్ ఫోల్డర్‌లోకో ఇంకెక్కడికో వెళ్ళి, పూర్తి దారితో పిలవండి.

3. దాని ఫోల్డర్‌లో ఉండి, బాష్ అని కొట్టి ఉత్త ఫైల్ పేరుతో పిలవండి.

4. వేరే చోట దానికో సిమ్‌లింక్ పెట్టి, ఆ లింక్‌తో పిలవండి.

5. ఫోల్డర్‌ని పేరులో ఖాళీ ఉన్న ఇంకో చోటికి కాపీ చేసి, అక్కడి నుంచి పిలవండి. ఇక్కడ మాత్రం జవాబు కొత్త చోటే కావాలి.

మొదటి నాలుగింట్లో ఒకే జవాబు రావాలి. వేరే జవాబు వచ్చిందంటే మీ స్క్రిప్ట్ తన ఊరు చెప్పడం లేదు, మీరు నిలబడ్డ చోటు చెబుతోందన్నమాట. క్రాన్‌లో పెట్టేదైతే ఇంకొకటి: పెట్టిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఫైళ్ళు నిజంగా చేరాల్సిన చోటికి చేరాయో లేదో కళ్ళతో చూడండి. చేత్తో నడిపితే పనిచేసింది అన్నది సాక్ష్యం కాదు. దానికి నాకంటే మంచి సాక్షి దొరకడు.

వీడియోలోనో వెబ్‌సైట్‌లోనో దొరికిన స్క్రిప్ట్ అయితే నడిపే ముందు రెండు చోట్ల చూడండి. ఒకటి, ఆర్ఎం ఉన్న ప్రతి లైన్. రెండు, ఆ లైన్‌లో ఉన్న వేరియబుల్‌లోకి విలువ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. అది $0 నుంచి వచ్చి, మధ్యలో ఏ చెక్ లేకపోతే, ఆ స్క్రిప్ట్ ఎంత పేరున్నవాళ్ళు రాసిందైనా నడపకండి. పేస్ట్ చేసే ఒక్క లైన్ అయితే ముందు ఫైల్‌గా దించుకుని, చదివి, అప్పుడు నడపండి. దానికి ఊరంటూ ఒకటి ఉండాలి కదా.

నా తీర్పు

ఫోన్ల గురించి రాసేటప్పుడు స్టోరేజ్ ఎన్ని జీబీలు, స్పీడ్ ఎంత అని లెక్కలు వేస్తాం. ఆ జీబీల్లో ఉండేవాటిని రోజూ ముట్టుకునే చిన్న చిన్న స్క్రిప్ట్‌ల గురించి మాత్రం పట్టించుకోం. నా 16 జీబీ కార్డూ మంచిదే, డిస్కూ మంచిదే, పై బోర్డూ మంచిదే. చెడగొట్టింది దారి రాయని ఒక్క మాట.

స్క్రిప్ట్‌కి తన ఊరు తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే తెలిసినట్టు ప్రవర్తించడం తప్పు. ఆ తేడా స్క్రిప్ట్‌కి తెలియదు, మనమే రాయాలి. ఈ ఆదివారం అరగంట తీసుకుని, మీ ఫోన్లోనో పై బోర్డులోనో పెట్టి మర్చిపోయిన ఆ స్క్రిప్ట్‌ని ఒకసారి తెరవండి. “నీదే ఊరు?” అని అడగండి. అన్నప్రాసన ఫొటోలు రెండోసారి తీయలేం.